ఏ రాయైతేనేం

జూన్ 9, సోమవారం

గువ్వ ముందు పన్ను విరిగింది. పై వరుసలో కుడివైపుది, సగానికి అడ్డంగా. పోతే పోయిందిలే, మళ్ళీ వస్తుంది అనుకోవడానికి అది పాలపన్ను కూడా కాదు. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ నోళ్ళకి పళ్ళు తయారుచేస్తున్నవాణ్ణి, నా కూతురి నోట్లో ఉన్న ఒక్క పన్ను కాపాడుకోలేకపోయాను.

బడి నుంచి ఫోను వచ్చేసరికి మైనం కరిగించి పెట్టుకున్నాను. అలాగే వదిలేసి వెళ్ళాను. హెడ్మిస్ట్రెస్ గదిలో గువ్వ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆవిడ ముప్ఫై రెండు పళ్ళూ చూపిస్తూ, "జారి పడిందండీ, గ్రౌండులో. పిల్లలన్నాక మామూలే" అంది. ఆ ముప్ఫై రెండింట్లో నాలుగు నేను చేసినవే. చేసేటప్పుడు ఇంతకంటే మంచి మాటలకి పనికొస్తాయనుకున్నాను.

జారిందట! కాలికి ఊతంగా పట్టీ వేసుకుని, మాట వినని ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని, అడుగడుగూ చూసుకుంటూ నడిచే పిల్ల. పదకొండేళ్ళుగా దానికి నేను నేర్పిందే అది. చూసుకుని నడువు, పరిగెత్తకు, గోడవారగా వెళ్ళు. అలాంటిది జారిందట.

ఇంటికొచ్చాక అడిగాను. "ఎవరు తోశారు?"

పలకలేదు.

"పక్కన ఎవరున్నారు?"

"నా... ఫ్రెండు."

ఆ ఫ్రెండుని బడి గేటు దగ్గర చూశాను. బొండాంలాంటి పిల్ల. ఎప్పుడు చూసినా ఏదో నములుతూ ఉంటుంది. కింది పళ్ళు గుంపుగా వచ్చాయి, ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

"అదే తోసిందా?"

గువ్వ నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కిటికీ వైపు తిరిగింది.

మౌనం అర్ధాంగీకారం.

జూన్ 10, మంగళవారం

ఫిర్యాదు రాసి ఇచ్చాను. ఆ పిల్ల పేరు నాకు తెలియదు. "రెండో బెంచీలో కూర్చునే లావుపాటి అమ్మాయి" అని రాశాను. హెడ్మిస్ట్రెస్‌కి వెంటనే అర్థమైంది. అర్థమైందంటే ఆ పిల్ల సంగతి ఆవిడకీ తెలుసన్నమాటే కదా. వేరే సెక్షనుకి మారుస్తానంది.

నాకేం కోపం లేదు. న్యాయం వేరు, కోపం వేరు.

జూన్ 12, గురువారం

గువ్వకి ఎక్సర్‌సైజులు చేయించే అమ్మాయి ఓ సలహా పారేసింది. పిల్లని కరాటేలోనో, జూడోలోనో చేర్చమంది. ఒంటికి పట్టు వస్తుందట, ధైర్యం వస్తుందట. ఆ అమ్మాయికి ఇంకా జ్ఞానదంతాలే రాలేదు.

మా ఆవిడ మాత్రం పట్టేసుకుంది. మందుల షాపులో పని చేసేవాళ్ళకి ఎవరేం చెప్పినా చీటీలాగే కనిపిస్తుంది.

"ఒకసారి చూసొద్దామండీ. నచ్చకపోతే మానేద్దాం."

"కాలు నిలవని పిల్లకి కాలెత్తి తన్నడం నేర్పిస్తావా?"

"దాన్నే అడుగుదాం."

అడిగింది. గువ్వ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "చూస్తా" అంది. ఏ సంగతికైనా "ఊఁ" తప్ప అనని పిల్ల. మూడు రోజుల తర్వాత అన్న మొదటి మాట అది. అంతకంటే విశేషం లేదు.

మా బావమరిది ఫోనులో ఏడు కరాటే బడుల పేర్లు పంపాడు. ఇన్సూరెన్సు అమ్ముకునేవాడికి లోకంలో అన్నీ తెలుసు, అమ్మడం తప్ప.

జూన్ 14, శనివారం

మొదటిది చూశాం. టైర్ల షాపు పైన హాలు. మెట్ల పొడవునా రబ్బరు వాసన. గోడ మీద పెద్ద పులి బొమ్మ, దాని పక్కనే మాస్టరు బొమ్మ, రెండూ ఒకేలా నోరు తెరిచి. పులికి దంతాల అమరిక బాగుంది. మాస్టరుకి పై దవడ ముందుకొచ్చింది.

ముప్ఫైమంది పిల్లలు ఒక్కసారి అరిచారు. గువ్వ నా చొక్కా పట్టుకుంది. వాళ్ళు మళ్ళీ అరిచారు. ఈసారి గువ్వ కాదు, నేను ఉలిక్కిపడ్డాను. కానీ ఆ సంగతి ఎవరూ చూడలేదు.

మా కోసమని పులి మాస్టరు ప్రదర్శన పెట్టాడు. ఒక పెద్దపిల్లాడు మూడు పెంకుల్ని పిడికిలితో పగలగొట్టాడు. అందరూ చప్పట్లు. ఒక ముక్క నా కాళ్ళ దగ్గర పడితే తీసి చూశాను. ఎర్రరంగు పూసిన ప్లాస్టరు. రోజుకి పది అచ్చులు పోసేవాణ్ణి, నాకు ప్లాస్టరు తెలియదా? సరిగ్గా ఆరనివ్వలేదు కూడా. మా ల్యాబులో చేరిన మొదటి వారం నేను పోసిన అచ్చు ఇంతకంటే గట్టిగా ఉండేది.

"మీరేం బెంగ పెట్టుకోకండి సార్" అన్నాడు ఛాతీ విరుచుకుని. "ఆర్నెల్లు నాకొదిలేయండి. మామూలు పిల్లని చేసి మీ చేతిలో పెడతా."

"ఇప్పుడేం పిల్ల?" అన్నాను.

"అంటే... నడక అదీ..."

"నడకేగా? మీవాళ్ళు పగలగొట్టే పెంకులకంటే గట్టిదే లెండి."

ఆ ముక్క ఆయన అరచేతిలో పెట్టి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే మా ఆవిడ, "అంత మాట అనాలా?" అంది. అనాలి. ఉత్తరకుమారులకి ఎవరో ఒకరు అనకపోతే రథం దిగరు.

జూన్ 15, ఆదివారం

ఆ మాస్టరు అన్నదానికి నేను సరైన జవాబే ఇచ్చాను. మళ్ళీ మళ్ళీ ఆలోచించినా అంతకంటే మంచి జవాబు తట్టలేదు.

జూన్ 21, శనివారం

రెండోది. అద్దాల గోడలు, చల్లటి గాలి, లోపలికి వెళ్ళడానికి కాళ్ళకి నీలం తొడుగులు. మా డెంటిస్టు క్లినిక్కులో కూడా ఇంత శుభ్రం ఉండదు. ముందు ఒక ఫారం ఇచ్చారు. నాలుగు పేజీలు. పిల్ల లోపం ఏమిటి, ఎప్పటి నుంచి, కరుస్తుందా, గిచ్చుతుందా, పాడు చేస్తుందా. గువ్వ నా పక్కన కూర్చుని ఒక్క అక్షరం వదలకుండా చకచకా చదివింది. మాట నెమ్మది గానీ, చదువు నెమ్మది కాదు. "కరవను" అంది నాతో.

మామూలు పిల్లలకి వేరే గదట. ఇలాంటి పిల్లలకి "స్పెషల్ స్టార్స్" బ్యాచి. దానికొక మేడమ్. గుండ్రటి గొంతు. ఐదేళ్ళవాళ్ళ నుంచి మీసాలొచ్చినవాళ్ళ దాకా పన్నెండుమందిని ఒకే గదిలో పోసి, బెలూన్లు ఎగరేస్తోంది. వాటిని కాలితో తంతే చప్పట్లు. తన్నకపోయినా చప్పట్లు. ఒక పిల్లవాడు గోడకి ఆనుకుని ఊరికే నిలబడ్డాడు, వాడికీ చప్పట్లు.

గువ్వ ఒక బెలూను ముట్టుకుంది. అంతే. క్లాసు అయ్యేసరికి బెలూన్ల మేడమ్ దాని నడుముకి పసుపు బెల్టు చుట్టింది. ఫోటో తీయబోతే గువ్వ ముడి విప్పుకోవడం మొదలుపెట్టింది. ఒంటి చేత్తో కదా, చాలాసేపు పట్టింది. విప్పి ఆవిడ చేతికిచ్చింది.

"వద్దా బంగారం? నీదేరా!"

"నేనేం... చెయ్యలేదు" అంది గువ్వ.

నా కూతురు. నూటికి నూరు పాళ్ళూ నా కూతురు. అంతవరకు చేతులు కట్టుకుని నిలబడ్డ నాకు అప్పుడొక్కసారి చప్పట్లు కొట్టాలనిపించింది.

మా ఆవిడకి ఆ చోటు నచ్చింది. ప్రేమగా చూస్తారంది. కుక్కపిల్లల్నీ ప్రేమగానే చూస్తారు అన్నాను.

జూన్ 24, మంగళవారం

గువ్వ పన్నుకి తొడుగు నేనే చేశాను. రంగు కుదరడానికి మూడుసార్లు చెయ్యాల్సి వచ్చింది. పోయిన బుధవారం అమర్చాక డెంటిస్టు అద్దం చూపించాడు. "ఏ పన్ను విరిగిందో నువ్వే చెప్పలేవు చూడు" అన్నాడు.

గువ్వ వేలుపెట్టి చూపించింది. "ఇది."

బడి నుంచి వచ్చాక ఈమధ్య మాట్లాడటం లేదు. బడిలో ఎలా ఉంది అంటే బాగుంది అంటుంది. మధ్యాహ్నం డబ్బా సగం అలాగే తెస్తోంది. కొత్త పన్నుతో నమలడం అలవాటు కావాలి మరి.

జూన్ 28, శనివారం

ఈ వారంలో ఇంకో మూడు చూశాను. ఒకదాంట్లో మాస్టరే కనిపించలేదు, శిష్యుడు ఫోను చూసుకుంటూ క్లాసు నడుపుతున్నాడు. ఒకదాంట్లో "మా దగ్గర అందరూ సమానమే సార్, కానీ కాలి పట్టీ ఉంటే మాత్రం తీసుకోం" అన్నారు. మూడోదాని గురించి రాయడానికి కూడా నాకు ఓపిక లేదు.

ఈ ఊళ్ళో ఒక పిల్లని చూడటం చేతనైనవాడు ఒక్కడూ లేడు.

జూలై 1, మంగళవారం

ఇది ఎవరో మందుల షాపుకి వచ్చినామె మా ఆవిడకి చెప్పిందట. జూడో. పాత ఫర్నిచర్ గోడౌను. వెనక గది నిండా ఇంకా కాళ్ళు లేని కుర్చీలు. బోర్డు లేదు, పులి లేదు, అద్దాలు లేవు. నేల మీద చాపలు, అంటే దళసరి పరుపుల్లాంటివి, అంచులు చిరిగి టేపు అతికించినవి.

నేర్పేది అరవై దాటిన ఆవిడ. పొట్టి. కుస్తీ పట్టేవాళ్ళకిలా చెవులు నలిగి ముద్దలైపోయాయి. కుడివైపు పై పన్ను ఒకటి లేదు, పెట్టించుకోవాలన్న ధ్యాస కూడా లేదు. నా వంక చూడలేదు. గువ్వ కాలి పట్టీ వంక చూడలేదు. దాని ముందు చతికిలబడి కూర్చుని, "అమ్మాయ్, ఆఖరిసారి ఎలా పడ్డావు?" అంది.

ఇదా అడిగేది? పేరు లేదు, వయసు లేదు, ఆరోగ్యం సంగతి లేదు. నేను చెప్పడం మొదలుపెట్టాను. "అది పడలేదండీ, బడిలో ఒక..."

"బాబూ, నేను పిల్లని అడిగాను."

గువ్వ నా వంక చూసింది. నోరు తెరిచింది, మూసింది.

"మీరు కాసేపు బయట కూర్చోండి" అంది ముసలావిడ.

"నేను తండ్రిని."

"అందుకే."

బయట కూర్చున్నాను. కూర్చోవడం అంటే మెట్టు మీద. ముప్పావుగంట. లోపల ధబ్ ధబ్ మని చప్పుళ్ళు. ఎవరు పడుతున్నారో తెలియదు. ఒకసారి లేచి తలుపు దాకా వెళ్ళాను. ఒక కుర్రకుంక లోపల్నుంచి గడియ పెట్టాడు.

గువ్వ వచ్చింది. జుట్టంతా రేగిపోయి, మోచెయ్యి ఎర్రగా, చొక్కా చెమటతో అంటుకుపోయి. "మళ్ళీ... గురువారం" అంది.

"చూద్దాం" అన్నాను. నా ఉద్దేశం వద్దని.

జూలై 2, బుధవారం

గోడౌను లోపాలు: చాపలు చిరిగాయి. గాలి లేదు. ఆడపిల్లలకి బట్టలు మార్చుకోవడానికి కుర్చీల గది. నేర్పే మనిషికి మర్యాద తెలియదు. తల్లిదండ్రుల్ని బయటకి తోలడం. ఏం నేర్పుతుందో చెప్పదు. గువ్వనడిగితే "పడటం" అంటుంది. పదకొండేళ్ళు ఆ పిల్ల పడకుండా నేను చూసుకుంటూ వచ్చింది ఇందుకా?

ఇదంతా చదివి వినిపిస్తే మా ఆవిడ, "మరి మీకు ఏది నచ్చింది?" అంది.

అప్పుడే బావమరిది ఊడిపడ్డాడు. సంగతి విని, "ఇన్ని చూడటం దేనికి బావా? పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం" అని పకపకా నవ్వాడు. పళ్ళు చేసేవాడి ఇంటికొచ్చి, పన్ను విరిగిన పిల్ల ముందు. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. గువ్వ కూడా నవ్వింది. తొడుగు పన్ను కనిపించేలా.

నేను నవ్వలేదు.

జూలై 3, గురువారం

మా ఆవిడ షాపులో అనుమతి తీసుకుని దాన్ని గోడౌనుకి తీసుకెళ్ళింది. నన్ను అడగలేదు. నాకేం కోపం లేదు.

జూలై 8, మంగళవారం

తుంటి మీద అరచేయంత నల్లటి మచ్చ. మా ఆవిడ నూనె రాస్తుంటే చూశాను. "నొప్పా?" అంటే గువ్వ "మంచి మచ్చ" అంది. మంచి మచ్చట!

ఎల్లుండి నేనే వెళతాను. కాగితం మీద పదకొండు ప్రశ్నలు రాసుకున్నాను. ఒక్కదానికి సరైన జవాబు రాకపోయినా పిల్లని తీసుకొచ్చేస్తాను. ఆ ముసలమ్మ చేత క్షమాపణ కూడా చెప్పిస్తాను.

జూలై 10, గురువారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

క్లాసు మొదలవకముందే వెళ్ళాను. ఆవిడ సూదీ దారం పెట్టి చాప అంచు కుట్టుకుంటోంది. కాగితం తీసి మొదటి ప్రశ్న చదివాను. "ఒక పక్క చచ్చుబడ్డ పిల్లకి పడటం నేర్పడంలో మీ ఉద్దేశం ఏమిటి?"

"పడుతుంది కాబట్టి" అంది తలెత్తకుండా. "అందరం పడతాం. మీ అమ్మాయి మొహం ముందుకేసి పడుతుంది. భుజం తిప్పాలని తెలీదు. తెలిస్తే ఆ రోజు పన్ను మిగిలేది. అంత వేగం మీద గోడ దగ్గర ఆగాలంటే ఎవరికైనా కష్టమేననుకోండి."

"ఏ వేగం?"

"పరుగు పందెంలో."

"ఏ పరుగు పందెం?"

అప్పుడు తలెత్తింది. సూది నోట్లో పెట్టుకుని నన్ను చూసింది. తీసి, "ఫ్రెండుతో పందెం పెట్టుకుందటగా" అంది. "మొదటి రోజే చెప్పింది. పాపం, చెప్పడానికి పావుగంట పట్టింది. మీకు తెలుసనుకున్నా."

మిగతా పది ప్రశ్నలు అడగలేదు.

క్లాసయ్యాక గువ్వా నేనూ నడుచుకుంటూ వచ్చాం. సందు మలుపులో ఆపాను.

"ఆ పిల్ల నిన్ను తొయ్యలేదా?"

తల అడ్డంగా ఊపింది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు... అడగలేదు."

"అడిగాను. మూడుసార్లు అడిగాను."

"ఎవరు తోశారు... అని అడిగావు."

రోడ్డు మీద జనం మమ్మల్ని తప్పించుకుంటూ పోతున్నారు.

"పరిగెత్తొద్దన్నావుగా" అంది. "చెప్తే... నీ మొహం ఇలా పెడతావని."

పెట్టి చూపించింది. పై పెదవి ఒక పక్కకి లేచి, ముక్కు దగ్గర మడత, కళ్ళు సగం మూసి. పళ్ళకి అచ్చు తీసేటప్పుడు ఎక్కడా గాలి బుడగ లేకుండా వస్తే మాకు ఆ రోజు పండగ. అలాంటి అచ్చు. ఎడమ పక్క కండరాలు సరిగా పలకవు కాబట్టి మూతి విరుపు కుడివైపుకే వచ్చింది. నాదీ కుడివైపుకేనట. మా ఆవిడ చెప్పింది.

"ఆ మొహం నీ మీద కాదురా. వాళ్ళ మీద" అన్నాను.

"ఎవరి మీద?"

దాని సంచీ నా భుజానికి తగిలించుకుని నడక మొదలుపెట్టాను.

జూలై 11, శుక్రవారం

ల్యాబులో మూడు అచ్చులు పాడు చేశాను.

జూలై 12, శనివారం

హెడ్మిస్ట్రెస్ విచారించాలి కదా. నేను ఏదో బాధలో ఒక కాగితం రాసి ఇస్తే, అటూ ఇటూ అడగకుండా ఒక పిల్లని సెక్షను మార్చేస్తారా? అదొక బడా? ఆవిడకి బాధ్యత లేదూ? పిల్ల అన్నాక నోరు విప్పి చెప్పాలి. ఎక్సర్‌సైజుల అమ్మాయికైనా తెలిసుండాలి. మా ఆవిడ...

మా ఆవిడ ఆ రోజే అంది, "ఒకసారి ఆ పిల్లని కూడా అడుగుదామండీ" అని. ఈ డైరీలో అది రాయలేదు.

ఫిర్యాదులో ఉన్నది నా చేతిరాతే.

జూలై 14, సోమవారం

బడికి వెళ్ళి, నా ఫిర్యాదు తప్పని, వెనక్కి తీసుకుంటానని చెప్పాను. హెడ్మిస్ట్రెస్ నేను చేసిన నాలుగు పళ్ళూ కనిపించేలా నిట్టూర్చింది.

"ఒకసారి ఫైల్లో పెట్టాక తీయడం ఉండదండీ. ఆ పిల్లని వెనక్కి తేవాలంటే వాళ్ళమ్మ ఒప్పుకోవాలి. ఆవిడ ఒప్పుకోదు. ఇక్కడికొచ్చి నన్ను నానా మాటలూ అంది, మీ పుణ్యమా అని."

"నేనే మాట్లాడతాను."

"మాట్లాడండి" అంది. చూడాలి ఆవిడ మొహం. సరిగ్గా గువ్వ పెట్టి చూపించిన ఆ మూతే.

ఇల్లెక్కడో చెప్పింది. పిల్ల పేరు కూడా చెప్పింది. నేను అడిగాను.

జూలై 15, మంగళవారం

కళ్ళద్దాల షాపు పైన, రెండు గదుల ఇల్లు. తల్లి ఆ షాపులోనే అద్దాలు అరగదీస్తుందట. వేళ్ళ చివర్లు తెల్లటి పొడితో నా వేళ్ళలాగే ఉన్నాయి. తలుపు సగమే తెరిచింది.

నేను ఎవరో చెప్పాను. ఎందుకొచ్చానో చెప్పాను. దారి పొడవునా బాగా కూర్చుకున్న మాటలే, బయటికి మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చాయి. గువ్వ మాట్లాడేది ఇలాగే అనిపించింది.

ఆవిడ అడ్డం రాలేదు. అంతా విని అప్పుడు అంది. "నెలయింది. మా పిల్ల సరిగ్గా తినడం లేదు. ప్రతిరోజూ నన్ను అడుగుద్ది, 'అమ్మా, నాకు తెలీకుండా తోశానా?' అని. నువ్వు తొయ్యలేదే అంటే, 'మరి పెద్దాయన అలా ఎందుకు రాస్తాడు' అంటది. దానికేం చెప్పాలో మీరు చెప్పండి."

"తప్పు నాదని..."

"లావుపాటి అమ్మాయి అని రాశారంట. క్లాసులో చదివారంట."

గుమ్మం పక్కన చిన్న చెప్పులు ఉన్నాయి. కర్టెను వెనకాల పాదాలు కనిపించాయి.

"మా పిల్ల ఇంట్లో లేదు" అని తలుపేసింది.

నేను వాళ్ళ గురించి ఏమీ రాయలేను. రాయడానికి ఏమీ దొరకడం లేదు.

జూలై 17, గురువారం

గువ్వని గోడౌనుకి నేనే తీసుకెళ్ళాను. మెట్టు దగ్గర పట్టీ సరిచేసుకుంటూ, "వెళ్ళావా?" అంది.

"వెళ్ళాను."

"ఏమంది?"

"తలుపేసింది."

గువ్వ పట్టీ బిగించింది. "మళ్ళీ వెళ్ళు" అని లోపలికి పోయింది.

ఇక్కడ ఫారం లేదు. ముసలావిడ నోటుబుక్కులో గువ్వ పేరు రాసుకుని, "ఇక ఇక్కడేనా? ఇంకా చూస్తారా?" అంది.

"ఇక్కడే."

"చాపలు చిరిగాయని చెప్పారంట."

మా ఆవిడ నోరు! "దారం గట్టిది తెస్తాను" అన్నాను. మా ల్యాబులో ఉంది.

"మీరు మాత్రం మెట్టు మీదే" అంది.

సరేనన్నాను.

జూలై 19, శనివారం

మళ్ళీ వెళ్ళాను. ఈసారి తలుపు ఆ పిల్లే తీసింది. వెనకాల తల్లి చేతులు కట్టుకుని నిలబడింది గానీ ఏమీ అనలేదు.

గుమ్మం బయటే మోకాళ్ళ మీద కూర్చున్నాను, పిల్ల ఎత్తుకి. ఏం చెప్పాలో ఈసారి కూర్చుకోలేదు. "నువ్వు తొయ్యలేదు. నీకు తెలీకుండా కూడా తొయ్యలేదు. నేను అబద్ధం రాశాను" అన్నాను.

ఆ పిల్ల గుమ్మం మీదికి వచ్చింది. "గువ్వ పన్ను అతికించారా?"

"తొడుగు వేశాం."

"నొప్పి ఉందా?"

"లేదు."

"దానికి నా మీద కోపమా?"

"నువ్వు పక్కన లేక సగం డబ్బా వెనక్కి తెస్తోంది" అన్నాను. ఈ మాట నోట్లోంచి వచ్చాకే అదేమిటో నాకు తెలిసింది. "రోజూ తెస్తోంది. తొడుగు పన్ను అలవాటు కాలేదేమో అనుకున్నాను."

వెనక తల్లి కట్టుకున్న చేతులు విప్పింది.

పిల్ల మొహం కొద్దిగా తేటపడింది. "ఆ రోజు అదే గెలిచింది తెలుసా అంకుల్? గోడ ముందు ముట్టుకుంది అదే. ముట్టుకున్నాకే పడింది."

నాకు అర్థం కాలేదు. మోకాళ్ళ మీద అలాగే ఉన్నాను. గువ్వ. కాలి పట్టీతో. నా బుర్ర మామూలుగా పోయే చోటికే పోయింది.

"పాపం అని నువ్వు నెమ్మదిగా పరిగెత్తావా?" అన్నాను.

ఆ పిల్ల పై పెదవి ఒక పక్కకి లేచింది. అంత చిన్న మొహంలో అంత ఈసడింపు నేను ఎక్కడా చూడలేదు.

"నేనెందుకు నెమ్మదిగా పరిగెత్తుతాను?"

సోమవారం తల్లి బడికి వస్తానంది. సెక్షను సంగతి మాట్లాడుతుందట. నాతో కలిసి మాత్రం రాదట. విడిగా వస్తుందట.

ఇంటికొచ్చేసరికి గువ్వ పరుపు నేల మీదకి లాక్కుని పడుతోంది. భుజం తిప్పి, చేత్తో పరుపుని చరిచి, లేచి, మళ్ళీ. గుమ్మంలో నిలబడ్డాను.

"గెలిచావట."

"ఊఁ."

"ఎన్నిసార్లు పెట్టుకున్నారు పందెం?"

"రోజూ."

"రోజూనా? ఎప్పటి నుంచి?"

"పోయినేటి నుంచి."

"అన్నిట్లో ఎన్నిసార్లు గెలిచావు?"

ఒంటి చేత్తో పరుపు సర్దుకుంది. "ఆ రోజే" అని, మళ్ళీ పడింది.